అక్రోట్లు లెక్కపెట్టకండి... వండండి!

ఈ మధ్య ఏ ఇంటికి వెళ్లినా వంటింటి గట్టు మీద నీళ్లు పోసిన చిన్న గిన్నె ఒకటి కనిపిస్తోంది. అందులో నానుతున్నవి శనగలూ పెసలూ కాదు, అక్రోట్లు. అదేనండీ, వాల్‌నట్స్. పిల్లలకి తలా నాలుగు బద్దలు, చదువుకునేవాళ్లు కదా, మెదడుకి మంచిదని. ఆయనకి నాలుగు, గుండెకి మంచిదని. మామగారికి రెండు, అరుగుతాయో లేదోనని. మరి నానబోసిన ఇల్లాలికి? "నాకెందుకులెండి, అంత ఖరీదు పెట్టి!" అన్న జవాబే నాకు ఎక్కువగా వినిపిస్తోంది.

ఈ జవాబు వెనక పిసినారితనం లేదు. మనం అక్రోటుని మందు చేసేశాం, అదీ అసలు సంగతి. మందైతే లెక్క ఉంటుంది. లెక్క ఉన్నచోట 'ఎవరికి ఎక్కువ అవసరం' అన్న వరస మొదలవుతుంది. ఆ వరసలో ఇల్లాలి పేరు ఎక్కడుంటుందో వేరే చెప్పాలా? అదే గింజ పచ్చడిలోనో పొడిలోనో పడిందనుకోండి, ఇంటిల్లిపాదీ తింటారు. గుత్తివంకాయలో వేసిన నువ్వులు ఎవరికెన్ని వచ్చాయో ఎవరైనా లెక్కపెడతారా? అందుకే నేననేది, అక్రోట్లని పంచడం మానేసి వండడం మొదలుపెడదామని.

మందు అనే మాటకొస్తే, మెదడు ఆకారంలో ఉంటుంది కాబట్టి తెలివి పెరుగుతుందంటారు. ఆకారాన్ని బట్టే గుణం వచ్చేస్తే, చిక్కుడు గింజలు తిన్నవాళ్లకి మూత్రపిండాల జబ్బే రాకూడదు! అమెరికా, స్పెయిన్‌లలో ఆరోగ్యంగా ఉన్న సుమారు 700 మంది పెద్దవాళ్లని తీసుకుని, కొందరికి రెండేళ్లపాటు రోజూ అక్రోట్లు పెట్టి చూశారు. మొత్తం మీద జ్ఞాపకశక్తిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2020లో తేల్చారు. గుండె విషయం వేరు. స్పెయిన్‌లోనే జరిగిన మరో పెద్ద పరిశీలన ఫలితాలు 2013లో వచ్చాయి. వాటిని సరిచూసి 2018లో మళ్లీ ప్రచురించారు. కూరగాయలూ పళ్లూ పప్పులూ ఎక్కువగా ఉండే భోజనంతో పాటు రోజుకి 30 గ్రాముల గింజలు, అందులో సగం అక్రోట్లే, తిన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం వంటివి తగ్గాయి. ఆ పరిశీలనలో పాల్గొన్న ఏడు వేల మందికి పైగా జనంలో సగం కంటే ఎక్కువమంది ఆడవాళ్లే. గుండె మనకీ ఉందన్నమాట!

ఇంకో లెక్క కూడా చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8, తెలంగాణలో 57.6. అక్రోట్లు తింటే రక్తం పడుతుందని నేననడం లేదు. దానికి ఆకుకూరలు, పప్పులు, డాక్టరు రాసిచ్చిన ఐరన్ మాత్రలు ఉన్నాయి. కానీ అందరూ తిన్నాక మిగిలిందే మనకి అనుకునే అలవాటు ఒక్క అక్రోట్లతో ఆగేది కాదు. పాలూ, గుడ్డూ, పండూ అన్నిట్లోనూ అదే వరస.

అక్రోటు పండే చోట దాన్ని ఇలా మాత్రల్లా మింగరు. కాశ్మీరులో పెరుగూ పచ్చిమిర్చీ కలిపి పచ్చడి నూరుకుంటారు. కాశ్మీరీ పండిట్లు శివరాత్రికి కుండలో అక్రోట్లు నానబోసి, ఆ ప్రసాదాన్ని చుట్టాలకీ ఇరుగుపొరుగుకీ పంచుతారు. ఇరాన్‌లో దానిమ్మ రసంతో కలిపి చిక్కటి మాంసం కూర వండుతారు. అక్కడ అది తిండి.

"అంత ఖరీదు!" అంటారా? నిజమే. అందుకే మా ఇంట్లో సగం అక్రోట్లు, సగం వేరుశనగ గుళ్లు. మాంసకృత్తుల్లో వేరుశనగే మిన్న. 100 గ్రాముల్లో దానికి సుమారు 25 గ్రాములుంటే, అక్రోటుకి 15 గ్రాములే. అక్రోటు ప్రత్యేకత అందులోని ఒమేగా-3 కొవ్వు. కొనగలిగితే కలుపుకోండి, లేకపోతే వేరుశనగలూ నువ్వులూ తింటున్నందుకు చిన్నబోనక్కర్లేదు.

కొనేటప్పుడు ఒక బద్ద కొరికి చూడండి. పాత నూనె వాసన వస్తే వద్దనండి. ఆ కొవ్వు త్వరగా మక్కిపోతుంది కాబట్టి ఇంటికి తెచ్చాక మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టాలి. సన్నసెగ మీద ఐదారు నిమిషాలు వేయించి, పొడిగుడ్డలో వేసి రుద్దితే పొట్టుతోపాటు చేదూ చాలావరకు పోతుంది.

పచ్చడికి: గుప్పెడు బద్దలు గంటసేపు నానబెట్టి, రెండు పచ్చిమిర్చి, కాస్త పుదీనా, ఉప్పు వేసి నూరి, కప్పు గట్టిపెరుగులో కలపండి. మన రుచికి ఆవాలు, ఎండుమిర్చి తిరగమోత పెట్టుకోవచ్చు. దోసెల్లోకీ, చపాతీల్లోకీ బావుంటుంది.

పొడికి: వేయించిన అక్రోట్లు, వేరుశనగ గుళ్లు సమంగా తీసుకుని, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు చేర్చి మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. ఒకేసారి తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది.

కేకుకి: బాగా మగ్గిన మూడు అరటిపళ్లు మెదిపి, ముప్పావు కప్పు పంచదార, అరకప్పు నూనె, అరకప్పు పెరుగు కలపండి. ఒకటిన్నర కప్పుల గోధుమపిండిలో చెంచా బేకింగ్ పౌడరు, అరచెంచా వంటసోడా వేసి జల్లించి, ఇందులో కలపండి. అరకప్పు అక్రోటు ముక్కల్ని కాస్త పొడిపిండిలో దొర్లించి వేస్తే అడుక్కి దిగిపోవు. ఓవెన్ ఉంటే 180 డిగ్రీల దగ్గర 40-45 నిమిషాలు. లేకపోతే మందపాటి గిన్నెలో ఇసుక పోసి, వేడెక్కాక కేకు గిన్నె పెట్టి, మూతేసి సన్నసెగ మీద ఉంచండి. కాస్త ఎక్కువసేపు పడుతుంది. పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి.

ఐదేళ్లలోపు పిల్లలకి మాత్రం ముక్కలుగా పెట్టకండి, గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది. పొడిచేసి పెట్టండి. ఈ గింజలు పడని పిల్లలుంటే అసలు వద్దు.

కేకు కోసినప్పుడు ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని ముక్కలు కొయ్యాలి కదా. ఆ లెక్కలో మీరూ ఉన్నారు. మీ ముక్క రేపటికని దాచకుండా అందరితోపాటు కూర్చుని తినండి. ఏమంటారు?