గోతికి వోటు లేదు

ఎన్నికలు దగ్గర పడ్డాయంటే మన రాష్ట్రంలో వరాలకు కరువుండదు. ఒకరు బియ్యమంటే మరొకరు నగదంటారు. ఒకరు వెయ్యంటే మరొకరు రెండువేలంటారు. పాపం, రోడ్డు మధ్యనున్న గొయ్యి మాత్రం ఎవరికీ గుర్తురాదు. దానికి వోటు లేదు గదా!

వరాలను వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. 1983లో రామారావుగారు కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినప్పుడు నవ్వినవాళ్లలో ఆకలి ఎరిగినవాళ్లు తక్కువ. 2025 ఆగస్టు 15న వచ్చిన స్త్రీశక్తి పథకంతో ఆడవాళ్లు పల్లెవెలుగు మొదలు ఎక్స్‌ప్రెస్ దాకా టిక్కెట్టు కొనకుండా ఎక్కుతున్నారు. కూలికి పోయే ఇల్లాలికి ఆ మిగులు చిన్నదేమీ కాదు. అయితే బస్సు గాలిలో నడవదు. 2005లో వచ్చిన 108 బండీ అంతే. నొప్పులు పడుతున్న తల్లి దగ్గర అది పైసా పుచ్చుకోదు. కాని గోతుల దారిలో పోయే కాలాన్ని ఎవరు తిరిగి ఇస్తారు?

నక్కపల్లినే చూడండి. ఊరి మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి పోతుంది. దాని బాగోగులు కేంద్రానివి. అక్కడినుంచి ఉపమాక వెంకన్న దర్శనానికో, రాజయ్యపేట వైపు సముద్రానికో మళ్లామా, యజమాని మారిపోతాడు. ఊళ్ల దారుల్లో ఒకటి రోడ్లు భవనాల శాఖది, ఒకటి పంచాయతీరాజ్‌ది, ఒకటి గ్రామ పంచాయతీది. ఏ గొయ్యి ఎవరిదో తేలేలోగా వానలు వచ్చేస్తాయి. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు.

2025 జనవరి 8న ప్రధాని విశాఖపట్నం నుంచే నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు శంకుస్థాపన చేశారు. పెద్ద సంగతే. కాని ఆ పనులకు లారీలు ఏ దారిన తిరుగుతాయి, ఆ దారిని ఏటేటా ఎవరు బాగుచేస్తారు అన్నది ఏ శిలాఫలకం మీదా చెక్కరు.

గోతికి ఒకసారి మంచిరోజులు రాకపోలేదు. 2021 అక్టోబరు 2న పవన్ కల్యాణ్‌గారు రోడ్ల మీద శ్రమదానానికి దిగారు. 2024లో ఆయనే ఉపముఖ్యమంత్రి, పంచాయతీరాజ్ మంత్రి అయ్యారు. ఆ నవంబరు 2న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు ఈ అనకాపల్లి జిల్లాలోనే, పరవాడ మండలం వెన్నెలపాలెంలో, గోతులు పూడ్చే కార్యక్రమం మొదలుపెట్టారు. అంటే గోతికి వోటు లేకపోయినా, గోతిని చూపించి వోటు అడగవచ్చునని తేలిపోయింది! సంతోషమే. చిక్కల్లా ఏమిటంటే, గోతులు పూడ్చడం కూడా పండుగైపోతే మర్నాటినుంచి పట్టించుకునేవారుండరు.

రోడ్డు వెయ్యడం పెళ్లివంటిది. దాన్ని కాపాడడం సంసారం. రోడ్డుకు మొదటి శత్రువు నీరు. పక్క కాలువ పూడితే నీరు దారి మీద నిలుస్తుంది, తారు పగుళ్లలోంచి దిగుతుంది, అడుగు కంకరను కదిలిస్తుంది. తరువాత లారీ చక్రం తన పని తాను చేస్తుంది. వేసవిలో తట్టెడు కంకరతో పోయేది, వానాకాలం దాటితే లారీడు కంకర అడుగుతుంది. తొలకరికి ముందు ఇంటి పెంకులు సర్దించుకునే ప్రతి ఇల్లాలికీ ఈ లెక్క తెలుసు.

చట్టాలలోనూ ఈ తెలివి లేకపోలేదు. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్డును అయిదేళ్లు కాపాడే పూచీ వేసిన కాంట్రాక్టరుదే. ఆ అయిదేళ్లూ ఎప్పటికి నిండుతాయో ఊళ్లో ఎందరికి తెలుసు?

కనుక ఈసారి మీ గుమ్మంలోకి వచ్చి వరాలిచ్చే పెద్దమనిషిని పొమ్మనకండి. కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి. ఆ తరువాత, “బాబూ, మా రోడ్డు పక్క కాలువ ఏ నెలలో తీయిస్తారు?” అని అడగండి. నెల పేరు చెప్పినవాడి మొహం బాగా గుర్తుపెట్టుకోండి.