కలిగినవాడి ఐపీ
మామూలుగా ఐపీ పెట్టేవాడు దుకాణానికి తాళం వేసి రాత్రికి రాత్రే ఊరు దాటతాడు. జాన్సన్ అండ్ జాన్సన్ మాత్రం వ్యాపారం నిక్షేపంగా సాగుతుండగానే ఐపీ పెట్టబోయింది. బేబీ పౌడర్‌లోని టాల్క్‌లో ఆస్‌బెస్టాస్ కలిసిందని, దానివల్లే అండాశయ క్యాన్సర్ వచ్చిందని 22 మంది మహిళల తరఫున పడిన దావాలో 2018లో అమెరికాలోని సెయింట్ లూయిస్ జ్యూరీ 469 కోట్ల డాలర్లు చెల్లించమంది. అప్పీలులో అది దాదాపు 212 కోట్లకు తగ్గింది. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. అదే అక్టోబరులో కంపెనీ ఒక కొత్త అనుబంధ సంస్థను పుట్టించి, పౌడర్ కేసుల భారమంతా దాని నెత్తిన పెట్టి, దానిచేత దివాలా పిటిషన్ వేయించింది. అప్పీలు కోర్టు కుదరదంది. రెండోదీ చెల్లలేదు. టెక్సాస్‌లో వేసిన మూడోది 2025లో వీగిపోయింది. టాల్క్‌పై శాస్త్రం ఇంకా తేల్చాల్సింది ఉంది, నిజమే. కొన్ని కేసుల్లో కంపెనీ గెలిచింది కూడా. అయితే ఆ వాదనేదో జ్యూరీల ముందే వినిపించాలి. దివాలా పిటిషన్ పడితే విచారణలు నెలల తరబడి నిలిచిపోతాయి. ఆ 22 మందిలో ఆరుగురు తమ విచారణ నాటికే చనిపోయారని తెలిసీ వాయిదాలు కొనుక్కోవడాన్ని న్యాయవ్యూహం అనడానికి నాకు నోరు రావడం లేదు.