పారిశ్రామిక వాటికలో గ్రంథపఠనము

పటాన్‌చెరు మొదలుకొని సంగారెడ్డి వరకు గల రాజమార్గమున కిరువైపుల నేడు పొగగొట్టములకు కొదువ లేదు. రామచంద్రాపురమున విద్యుద్యంత్రముల మహాకర్మాగారము, 1972లో వెలసిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ, 1984లో ఎద్దుమైలారమున నేర్పడిన యుద్ధసామగ్రి కర్మాగారము, 2008లో ఆరంభమై ఇప్పుడు కందిలో నెలకొన్న ఐ.ఐ.టి., వీని చుట్టును మందుల, రసాయనముల, ఇనుప సామానుల పరిశ్రమలు అనేకములు గలవు. ఇన్ని యుండియు ఒక ప్రశ్నకు మాత్రము తగిన సమాధానము దొరకుట లేదు. దినమంతయు యంత్రము కడ నిలిచిన పనివాడు, పని ముగిసిన పిమ్మట ధర్మమన నేమి, రాజ్యమన నేమి, తన హక్కెంత, తన విధి యెంత యని విచారించుకొనగోరిన యెడల, అందులకు తగిన గ్రంథము అతని కెక్కడ లభించును?

పనివానికి కావలసినది కూలి గాని పుస్తకము కాదని కొందరనవచ్చును. కూలి యెంత యుండవలెనో, పని యెన్ని గంటలు చేయవలెనో నిర్ణయించునవి చట్టములు. చట్టములను పుట్టించునది రాజకీయము. రాజకీయమును నడుపునవి సంఘమున వేళ్లూనిన విలువలు. వీని నెరుగనివాడు తన కూలిని సైతము కాపాడుకొనలేడు. కావున తత్త్వ, రాజకీయ, మత, సంఘ విషయకములగు గ్రంథములను కడుపు నిండినవాని వినోదముగా నెంచుట తగదు.

ఈ సత్యమును మన పెద్దలు శతాబ్దము క్రిందటనే గ్రహించిరి. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలగువారు హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను, అర్థశాస్త్రమును తెలుగువాని చేతికందించిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాం లింకన్ చరిత్రము ఆ మండలి తొలి ప్రచురణము. 1921 నవంబరులో మహర్షి కార్వే యధ్యక్షతన హైదరాబాదున జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ నారంభింపగా సభికులు గేలి చేసిరి. ఆ యవమానము నుండి ఆంధ్ర జనసంఘము పుట్టినది. గ్రంథాలయములను, పఠనమందిరములను, పాఠశాలలను నెలకొల్పుట దాని ముఖ్యాశయములలో నొకటి. ఆ యుద్యమమే పెరిగి ఆంధ్ర మహాసభయై, 1930 మార్చిలో సురవరం ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన జోగిపేటలో ప్రథమ సమావేశము జరుపుకొనెను. దానితోడనే నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతన మహిళాసభయు జరిగెను. సభ చేయుటకే ప్రభుత్వానుమతి కావలసిన కాలమది. ఆ జోగిపేట నేటి సంగారెడ్డి జిల్లాలోనిదే యని పాఠకులకు జ్ఞప్తి చేయుచున్నాము. అనుమతులకై వేడుకొనిన నాడు మన వారు తలపెట్టిన కార్యమును స్వరాజ్యము వచ్చిన పిదప మనము మరచుట న్యాయమా?

2011 జనాభా లెక్కలలో ఉమ్మడి మెదకు జిల్లా అక్షరాస్యత నూటికి 61 మంది మాత్రమే. అక్షరములు వచ్చిన వారిలోను, ఒక వాదమును మొదటి నుండి తుది వరకు చదివి తూచుకొను నలవాటు గలవా రెందరని ప్రశ్నించుకొనవలసి యున్నది. ఈ యలవాటు లేకుండుట వలని నష్టము ఈ ప్రాంతమున కంటి కగపడుచున్నది. కర్మాగారముల వ్యర్థజలము నక్కవాగులో కలిసి పొలములను, బావులను చెరచినప్పుడు, ఆ గోడు 1990లో రాజ్యాంగములోని 32వ అధికరణము క్రింద సుప్రీంకోర్టు ముందు వ్యాజ్యమైనది. రాజ్యాంగము నెరిగినవారు పూనుకొనుట చేతనే గ్రామస్థుల కష్టము దేశ న్యాయపీఠము వరకు పోగలిగెను. 2025 జూను 30న పాశమైలారములోని ఔషధసంబంధమగు నొక కర్మాగారమున ప్రేలుడు సంభవించి నలువదిమందికి పైగా అసువులు బాసిరి. వారిలో పలువురు అన్యరాష్ట్రముల నుండి పొట్టకూటికై వచ్చినవారు. అట్టి కర్మాగారములలో పనిచేయువాడు భద్రతను గూర్చి చట్టమేమి చెప్పుచున్నదో తన భాషలో చదువుకొన గలిగినచో, ప్రమాదములన్నియు నాగునని మే మనము. కాని అడుగవలసిన ప్రశ్నను ప్రమాదమునకు ముందే అడుగుట కతనికి ధైర్యము కలుగును. 2025 నవంబరు 21 నుండి నూతన కార్మిక స్మృతులు నాలుగును అమలులోనికి వచ్చినవి. వానిని సమర్థించువారును గలరు, నిరసించువారును గలరు. వాని వలన బ్రతుకు మారునది ఎవరిదో వారే వానిని చదువకుండుట శోచనీయము.

ఇక ఎట్టి గ్రంథము లుంచవలెను? ఒకే పక్షమును పొగడు కరపత్రములతో నింపిన గది గ్రంథాలయము కానేరదు. 1936లో లాహోరు జాత్‌పాత్‌తోడక్ మండలివారి సభకై అంబేడ్కరుగారు కులనిర్మూలనమును గూర్చి యొక యుపన్యాసము వ్రాసిరి. మండలివారు వెనుకంజ వేసి సభను రద్దు చేయగా దానిని గ్రంథముగా ప్రకటించిరి. గాంధీజీ తమ హరిజన పత్రికలో దానిని విమర్శించిరి. మరుసటి యేట రెండవ ముద్రణమున అంబేడ్కరుగారు గాంధీజీ విమర్శను, దానికి తమ ప్రత్యుత్తరమును గూడ చేర్చిరి. ప్రతిపక్షి మాటను తన గ్రంథముననే అచ్చొత్తించుటకు తన వాదమునందు నమ్మకము గలవాడే సాహసించును. మన గ్రంథాలయముల కిదియే ప్రమాణము కావలెను. గీతావ్యాఖ్యానము ప్రక్కన హేతువాదము, ఖురాను ప్రక్కన బైబిలు, గాంధీజీ ప్రక్కన మార్క్సు ఉండవలెను. చదువరి తానే తీర్పరి. గ్రంథములను ఎన్నుకొను అధికారము కర్మాగార యజమానికి గాని, ఏ రాజకీయ పక్షమునకు గాని వశము కారాదు.

ధనమేదని యందురు. చట్టమున దానికి రెండు మార్గములు గలవు. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి స్థానికసంస్థలు ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు పన్ను వసూలు చేయును. వసూలైన సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలమున చేరుట లేదను ఫిర్యాదు రాష్ట్రమంతట చిరకాలముగా నున్నది. రెండవది, 2013 కంపెనీల చట్టములోని 135వ నిబంధన. నిర్ణీత పరిమాణమునకు మించిన కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభమున నూటికి రెండు వంతులు లోకోపకారమునకు వ్యయింపవలెనని యది శాసించుచున్నది. అట్టి కార్యముల పట్టికలో ప్రజాగ్రంథాలయముల స్థాపన స్పష్టముగా పేర్కొనబడినది. కావున ఇది యాచన కాదు. చట్టము చూపిన త్రోవ.

చేతిలో ఫోను ఉండగా పుస్తకమేల యని యువకులు ప్రశ్నింతురు. ఫోను వార్తను క్షణములో తెచ్చును గాని, తోడనే మరియొక వార్తను తెచ్చి మొదటిదానిని మరపించును. నిలిచి ఆలోచించుటకు వ్యవధి నిచ్చునది గ్రంథము. పని గంటల అలసటలో చదువుట కెవరికి తీరిక యను నాక్షేపము ఇంతకంటె బలమైనది. దానికి సమాధానము కార్మికుని నిందించుట కాదు. చట్టములోని 8 గంటల దినము కాగితమున గాక కర్మాగారమున అమలు జరుగవలెను. గ్రంథాలయమును వాని దారికి తేవలెను. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువపై పడవలో గ్రంథములను పాఠకుల కడకు కొనిపోయిరి. కాలువపై సాగినది రాజమార్గమున సాగదా?

పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారములలో ఒక్కొక్క పఠనమందిరమైనను వెంటనే నెలకొల్పవలెను. పని వంతులు మారు వేళలలో వాని తలుపులు తెరచియుండవలెను. తెలుగుతోపాటు హిందీ, ఉర్దూ, ఒడియా గ్రంథములును అందుండవలెను. పటాన్‌చెరు పరిసరముల నేల నుండి జైనవిగ్రహములు బయలుపడినవి. ఆ మతమువారు అన్నము, అభయము, ఔషధము, శాస్త్రము అని నాలుగు దానముల నెన్నిరి. పరిశ్రమలు వచ్చి భూముల వెల పెరుగగా లాభించిన భూస్వాములును, అద్దెలచే లాభించిన పట్టణవాసులును మొదటి మూడింటిని యథాశక్తి చేయుచునే యున్నారు. నాలుగవదియే మిగిలియున్నది. పంచాయతి, పురపాలక సభలలో గ్రంథాలయపు పన్ను లెక్కను బహిరంగముగా అడుగుట దానికి మొదటి మెట్టు. ఆ యడుగుట పై సభలోనే జరుగవలెనని మా మనవి.