గురక ఆగితే చాలునా?

పెళ్ళివారింట్లో నలుగురూ చేరినప్పుడు నవ్వు తెప్పించే కబుర్లలో గురక ఒకటి. ఫలానావారి మామగారు పడుకుంటే విడిదింట్లో పిల్లలెవరూ కన్ను మూయలేదని చెప్పుకుని నవ్వుకుంటాం. కుంభకర్ణుడి పేరు ఎలాగూ ఉండనే ఉంది. అయితే ఆ నవ్వులో కలవని మనిషి ఒకరుంటారు. ఆమె, ఆ గురక పెట్టే ఆయన ఇల్లాలు.

మన ఆడవాళ్ళ పాటల్లో ఊర్మిళాదేవి నిద్ర ప్రసిద్ధమైనది కదా! అడవిలో లక్ష్మణుడు మేలుకుని ఉన్న పద్నాలుగేళ్ళూ ఇక్కడ ఊర్మిళ నిద్రపోయిందంటారు. మన ఇళ్ళల్లో జరిగేది దీనికి తలకిందులు. ఆయన నిద్రపోతారు, ఆమె మేలుకుని ఉంటుంది. అసలు సంగతేమిటంటే, చాలా ఇళ్ళల్లో ఆయనకూ సరైన నిద్ర లేదు. ఆ మాట ఆయనకే తెలియదు.

మా పుట్టిల్లు పెద్దమండ్యం. మా అన్న టమాటాలు వేసుకుని రాత్రిపూట వాను తోలుతాడు. మదనపల్లె మార్కెట్టుకూ, ఒక్కోసారి అక్కణ్ణించి చెన్నై దాకానూ. మనిషి లావు కూడా కాదు. ఆ మధ్య నేను వెళ్ళినప్పుడు మా వదిన నన్ను పక్కకు పిలిచి చెప్పింది:

“గురక పెడితే పెట్టనీలేమ్మా, అది అలవాటైపాయ. ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోతాది. నేను లేసి కూసోని లెక్కబెడతా. పది, పదైదు దాకా పోతాది. అప్పుడు గస పోసుకోని మళ్ళా మొదులుబెడతాడు. పగులు చూస్తే కూసున్న చోటే తూగుతాడు. ఆ వాను తోలేటప్పుడు కూడా తూగితే ఏం గతి?”

వదిన ఏ వైద్యశాస్త్రమూ చదవలేదు. కాని డాక్టర్లు అడిగేవి సరిగ్గా ఆ మూడు ప్రశ్నలే. గురక ఉందా? మధ్యలో ఊపిరి ఆగుతోందా? పగలు తూగు వస్తోందా? మొదటిది ఒక్కటే ఉంటే అది పక్కవారికి బాధ. మిగతా రెండూ కలిస్తే మనిషికే ముప్పు. దాని పేరు స్లీప్ ఆప్నియా. పది సెకన్లు, అంతకు పైన ఊపిరి ఆగినా, బాగా సన్నగిల్లినా లెక్కలోకి తీసుకుంటారు. గంటకు అయిదు దాటితే జబ్బు ఉన్నట్టు, పదిహేను దాటితే మధ్యరకం, ముప్పయి దాటితే తీవ్రం. రక్తపుపోటుకూ, గుండె జబ్బుకూ, పక్షవాతానికీ దీనితో చుట్టరికం ఉంది.

డికెన్స్ రాసిన ‘పిక్విక్ పేపర్స్’ నవలలో ఎక్కడపడితే అక్కడ నిద్రపోయే లావుపాటి కుర్రవాడొకడున్నాడు. లావుతనంతో ఊపిరి చాలక పగలంతా కునికిపాట్లు పడే జబ్బుకు 1956లో అమెరికా డాక్టర్లు ఆ నవల పేరే పెట్టారు. అందుకని గురక లావుపాటివారి సొత్తేననుకోకండి. దవడ చిన్నదైతే మా అన్నలాంటి బక్కమనిషికీ వస్తుంది.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం వెలిసింది. మంచిగాలి కోసం రోగులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వచ్చేవారు. కాని గాలి ఎంత మంచిదైనా గొంతు దాటి లోపలికి పోవాలి కదా! నిద్రలో కండరాలు వదులైనప్పుడు నాలుక వెనక్కి జారుతుంది. దారి ఇరుకైతే అంగిటి మెత్తని భాగం గాలికి కొట్టుకుని మోగుతుంది. అదే గురక. దారి పూర్తిగా మూసుకుంటే చప్పుడూ ఉండదు, ఊపిరీ ఉండదు.

దీనికి పేరుపొందిన వైద్యం ముక్కుకు తొడుగు పెట్టి గాలిని ఒత్తిడితో పంపే మిషను. సీపాప్ అంటారు. 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సలివన్ అనే డాక్టరు, ఆయన సహచరులు దీన్ని లోకానికి తెలిపారు. జబ్బు తీవ్రంగా ఉన్నవారికి ముందు చెప్పేది ఇదే. మా అన్నకు మధ్యరకమని తేలింది. తొడుగు పెట్టుకుంటే ఉక్కిరిబిక్కిరి అవుతోందని నాలుగు రాత్రులకే తీసి పక్కన పెట్టాడు. అప్పుడు డాక్టరుగారు పళ్ళకు తొడిగే సాధనం సంగతి చెప్పి, దంతవైద్యుడి దగ్గరికి పంపారు.

పై పళ్ళకొకటి, కింది పళ్ళకొకటి, గట్టి ప్లాస్టిక్ తొడుగులు. రెంటినీ కలిపితే కింది దవడ కొన్ని మిల్లీమీటర్లు ముందుకు వచ్చి నిలుస్తుంది. నాలుక మొదలు దవడ ఎముకను పట్టుకుని ఉంటుంది గనుక దానితోపాటు అదీ ముందుకు వస్తుంది. దారి తెరుచుకుంటుంది. అంతే కిటుకు! పళ్ళ అచ్చు తీసి, ఎవరి నోటికి వారికే చేస్తారు. వేణ్ణీళ్ళలో మెత్తబరిచి కొరికి పెట్టుకొమ్మని అమ్మే రెడీమేడువి ఉన్నాయి గాని, అవి దీనికి సాటిరావు.

మొదట్లో నోరూరుతుంది, పొద్దున దవడ పట్టేసినట్టుంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ పళ్ళ పొందిక కొంచెం మారవచ్చు. అందుకే దంతవైద్యుడికి అప్పుడప్పుడూ చూపించుకోవాలి. పళ్ళు కదులుతున్నవారికీ, చిగుళ్ళ జబ్బున్నవారికీ, దవడ కీలు నొప్పి ఉన్నవారికీ ఇది సాధారణంగా పనికిరాదు.

తొడుగు పెట్టిన రెండు వారాలకే ఇంట్లో గురక మాయమైంది. వదిన చాన్నాళ్ళకు హాయిగా నిద్రపోయింది. “ఇంక నేను బండి ఎక్కొచ్చు” అన్నాడు అన్న. డాక్టరుగారు మాత్రం ఒప్పుకోలేదు. “తొడుగు పెట్టుకునే మరోసారి నిద్రపరీక్ష చేయించుకో. అందాకా రాత్రి బండి వద్దు” అన్నారు. టమాటా సీజనులో ఆ మాట ఎవరికి రుచిస్తుంది? అన్న గొణిగాడు. వదిన బండి తాళాలు తన బీరువాలో పెట్టుకుంది.

పరీక్షలో ఏం తేలిందనుకున్నారు? చప్పుడు పోయిందే గాని, ఊపిరి ఆగడం సగానికే తగ్గింది. దవడను ఇంకో రెండు మిల్లీమీటర్లు ముందుకు జరిపారు. మూడో పరీక్షకు లెక్క అయిదులోపుకు వచ్చింది. అప్పుడు గాని తాళాలు బయటికి రాలేదు.

గురక పోవడం వేరు, ఊపిరి ఆడటం వేరు. చెవికి వినిపించేది మొదటిదే. రెండోది పరీక్షలోనే తెలుస్తుంది. ఇప్పుడు వేలికీ, ఛాతీకీ, ముక్కుకీ పరికరాలు తగిలించి ఇంట్లోనే చేసే పరీక్షలున్నాయి. చిక్కు కేసులకు బెంగుళూరు నిమ్హాన్స్ లాంటి పెద్దాసుపత్రులున్నాయి.

వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకోవడం, బరువు తగ్గడం, మందుకొట్టడం మానడం ఎవరికైనా మేలే. నిద్రమాత్రలు మాత్రం డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. మీవారి గురకను గురించి ఈసారి నలుగురిలో నవ్వులాట వచ్చినప్పుడు మీరూ నవ్వండి, తప్పులేదు. కాని ఆ రాత్రి ఒక్క పది నిమిషాలు మేలుకుని ఆ ఊపిరి వినండి. మధ్యలో ఎక్కడైనా ఆగితే లెక్కపెట్టండి. ఆ లెక్క డాక్టరుగారికి చెప్పవలసింది మీరే. ఆయనకు అది తెలిసే దారి లేదు, ఆయన నిద్రలో ఉంటారు.