చిత్రకోట ముందు కెమెరా

జగదల్‌పూర్‌కు పశ్చిమంగా సుమారు 40 కిలోమీటర్ల దూరాన, చిత్రకోట వద్ద ఇంద్రావతి నది దాదాపు 30 మీటర్ల లోతుకు దూకుతుంది. వర్షాకాలంలో ఆ నీరు ఎర్రమట్టి రంగు. చలికాలంలో తెల్లని పాయలు. యాత్రికులలో పెక్కుమంది కెమెరాను పూర్తి ఆటోమేటిక్‌లో ఉంచి మీట నొక్కుతారు. బొమ్మ వస్తుంది, అందులో నీరు నిలిచినట్లూ ఉండదు, పారినట్లూ ఉండదు.

కెమెరాకు వెలుతురు ఎంతో తెలుసు గాని, తీసేవారి కోరిక తెలియదు. అది తెలపడానికే మోడ్ డయల్‌పై రెండు గుర్తులున్నవి. 'ఎస్' (కొన్నింటిలో 'టీవీ')లో షట్టర్ ఎంతసేపు తెరచి ఉండాలో మనిషి నిర్ణయిస్తాడు. కాంతి ప్రవేశించే ద్వారాన్ని, అంటే అపర్చర్‌ను, కెమెరా సరిచూసుకుంటుంది. 'ఏ' లేదా 'ఏవీ'లో ద్వారం మనిషి వంతు, షట్టర్ కెమెరా వంతు. ఇది డిజిటల్ యుగపు వింత కాదు. 1977 నాటి మినోల్టా ఎక్స్‌డీ ఫిల్ము కెమెరాలోనే ఈ రెండూ ఉన్నవి.

ఎఫ్/8 వద్ద సెకనులో 125వ వంతు ఎంత కాంతినిస్తుందో, ఎఫ్/5.6 వద్ద 250వ వంతూ అంతే ఇస్తుంది. అంకె పెరిగినకొద్దీ ద్వారం చిన్నదవుతుంది. ఈ తిరకాసు ఎవరు పెట్టారో గాని, కొత్తవారిని తికమక పెట్టక మానదు. ద్వారం చిన్నదైతే దగ్గరి బండ మొదలు దూరపు అడవి దాకా స్పష్టంగా కనిపిస్తుంది.

'ఎస్'లో 1000వ వంతు ఎంచుకుంటే నీటిబొట్లు గాలిలోనే నిలుస్తాయి. పావు సెకను ఎంచుకుంటే ధార పట్టుచీర కుచ్చెళ్ళవలె జాలువారుతుంది. అయితే మిట్టమధ్యాహ్నం ఐఎస్‌ఓ 100 వద్ద ఎఫ్/22కు దించినా పావు సెకనుకు కాంతి మితిమీరుతుంది. అపర్చర్ అంకె మినుకుమినుకుమని హెచ్చరిస్తుంది. లక్ష్యపెట్టకుంటే బొమ్మ తెల్లబోతుంది. సంధ్యవేళ దాకా ఆగాలి, లేదా కాంతిని తగ్గించే ఫిల్టర్ తగిలించాలి. ట్రైపాడ్ ఎలాగూ తప్పదు.

జగదల్‌పూర్ దసరా రాత్రి చిక్కు ఇందుకు విరుద్ధం. ఓరుగల్లు కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు స్థాపించాడని చెప్పే రాజ్యంలో, దంతేశ్వరీదేవి పేర సాగే 75 దినాల ఉత్సవమిది. జనం లాగే రథాన్ని నిలబెట్టడానికి 125వ వంతు కోరితే, ద్వారం పూర్తిగా తెరచినా చాలక బొమ్మ నల్లబడవచ్చు. అప్పుడు ఐఎస్‌ఓను 3200కు పెంచాలి. రథం కదలకముందే ఆ పని ముగించుకోవాలి. ఫొటో కొరకు అది ఆగదు.

కాంగేర్ లోయలోని తీరథ్‌గఢ్ వద్ద ఇంకొక మోసం. మెట్లు మెట్లుగా జారే తెల్లని నురుగును చూసి, వెలుతురు ఎక్కువైనదనుకొని కెమెరా దానిని బూడిదరంగుకు దించుతుంది. రెండు పద్ధతులలోనూ ప్లస్-మైనస్ మీటను +1 వైపు జరిపితే నురుగు తెల్లగానే వస్తుంది.