పుట్టిన తేదీకి రుజువు

అమెరికా విమానం ఎక్కే ముందు రోజు రాత్రి మా నాన్న నా చేతికో ప్లాస్టిక్ ఫైలు ఇచ్చారు. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ ఒరిజినల్, టీసీ, బర్త్ సర్టిఫికెట్, ఒక్కోదానికి మూడేసి జిరాక్సులు. "బట్టల పెట్టె పోయినా ఫర్వాలేదు, ఇది మాత్రం చేతిలోంచి వదలకు" అన్నారు. ఒహాయోలో దిగిన వారానికల్లా ఆ ఫైలూ పాస్‌పోర్టూ పట్టుకెళ్లి బ్యాంకు ఖాతా తెరిచాను. అందులో విశేషం ఏదైనా ఉందనుకోలేదు.

అదెంత విశేషమో చాలా ఏళ్ల తర్వాత నా క్లాసులో తెలిసింది. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లకు జీఈడీ పరీక్ష కోసం లెక్కలు చెప్పడం నా పని. అది పాసైతే హైస్కూలు పూర్తిచేసినట్టే లెక్క. ఒక సెప్టెంబరు సాయంత్రం పంతొమ్మిదేళ్ల కుర్రాడొకడు వచ్చాడు. ఆమిష్ అనే క్రైస్తవ సంఘంలోని ఇంట్లోంచి బయటికొచ్చి ఆరు వారాలైందట. జీన్స్ కొత్తవి, జుట్టు మాత్రం గిన్నె బోర్లించి కత్తిరించినట్టు పాతదే. చేరిక ఫారం ఇచ్చాను. పేరు గుండ్రటి అక్షరాలతో పొందిగ్గా రాశాడు. పుట్టిన తేదీ రాశాడు. ఈమెయిల్ గడి వదిలేశాడు. సోషల్ సెక్యూరిటీ నంబరు దగ్గర పెన్సిల్ ఆపి, "నాకు అది లేదండీ" అన్నాడు. బర్త్ సర్టిఫికెట్? "నేను ఇంట్లోనే పుట్టాను. తేదీ అమ్మ బైబిల్లో రాసిపెట్టింది."

అతని పూర్వీకులు పెన్సిల్వేనియాలో దిగింది 18వ శతాబ్దంలో. అప్పటికి ఈ దేశమే ఏర్పడలేదు. అంత పాత కుటుంబంలో పుట్టిన పిల్లవాడికి తానిక్కడే పుట్టానని చూపే కాగితం ఒక్కటీ లేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు దగ్గరున్న ఆ ఖాళీ గడి గురించే ఈ వ్యాసం. ఆమిష్ జీవితం వదిలివచ్చిన పిల్లలకు కారు నడపడం, ఫోన్ వాడడం కష్టమని అందరూ అనుకుంటారు. నేను చూసినంతవరకు అవి వాళ్లు నెల తిరక్కుండా నేర్చేసుకుంటారు. వాళ్లని ముంచేది కాగితాలు లేకపోవడం. అది కూడా మొదటి కొన్ని వారాల్లోనే ముంచుతుంది.

న్యూజెర్సీ, మేరీలాండ్‌లలో ఉండే మన కుటుంబాలు చాలా వరకు పెన్సిల్వేనియాలో ఆమిష్‌లుండే లాంకాస్టర్ చూసే ఉంటాయి. బగ్గీ ఎక్కి, మొక్కజొన్న చేల మధ్య తిరిగి, సీసాల్లో పట్టిన పచ్చళ్లు, జాములు కొనుక్కొని వస్తారు. అక్కడ కనిపించే కష్టపడే గుణం నిజమే. ఊరంతా కలిసి ఒక్క రోజులో పశువుల కొట్టం లేపడమూ నిజమే. వాటిని తక్కువ చేయాలని నాకు లేదు. 1693లో జేకబ్ అమ్మన్ వెంట నడిచి, స్విట్జర్లాండ్, అల్సాస్ ప్రాంతాల్లో విడిపోయిన చిన్న క్రైస్తవ బృందం వీళ్లది. ఇంట్లో డైచ్ అనే జర్మన్ మాండలికం మాట్లాడతారు, ఇంగ్లిష్ బడికెళ్లాకే సరిగ్గా వస్తుంది. బయటివాళ్లందరూ వాళ్లకు "ఇంగ్లిష్ వాళ్లే". ఆ లెక్కన నేనూ ఇంగ్లిష్ మనిషినే.

2000లో వీళ్ల జనాభా సుమారు 1,78,000. 2024కల్లా 4,00,000 దాటింది. అందులో దాదాపు సగం పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు. పెరిగిన పిల్లల్లో సుమారు 85 శాతం సంఘంలోనే ఉండిపోతారని పరిశోధకులు చెబుతారు. ఆ మాట వినగానే అందరూ 85 దగ్గరే ఆగిపోతారు, నేను మిగిలిన 15 దగ్గర ఆగుతాను. రెండు లక్షల మంది పిల్లల్లో 15 శాతమంటే ముప్పై వేలు. ఇది ఎవరి సర్వేనో కాదు, పై అంకెలతో నేను వేసుకున్న లెక్క. వీళ్లందరూ ఆపదలో పడతారని కూడా అనను. చాలామంది పక్కనున్న మెన్నోనైట్ అనే సాటి క్రైస్తవ శాఖ చర్చిలోకి, బంధువుల అండలోకే వెళ్తారు. నా భయం మిగతావాళ్ల గురించి. స్వార్ట్‌జెన్‌ట్రూబర్ వంటి కట్టుబాటు ఎక్కువున్న శాఖల నుంచి ఒక సంచీతో రాత్రికి రాత్రి వచ్చేసే పదిహేడు, పద్దెనిమిదేళ్ల వాళ్ల గురించి.

ఈ ఖాళీ గడి ఎలా వచ్చిందో తెలియాలంటే రెండు పాత సంగతులు చెప్పుకోవాలి. సోషల్ సెక్యూరిటీ అనేది బీమా అనీ, ఒకరి భారం ఒకరు మోయాల్సిన విశ్వాసులకు అది తగదనీ ఆమిష్‌లు దానికి కట్టాల్సిన పన్ను కట్టలేదు. 1961 వసంతంలో పెన్సిల్వేనియాలో వాలెంటైన్ బైలర్ అనే రైతు పొలం దున్నుతుంటే పన్నుల శాఖవాళ్లు వచ్చి మూడు గుర్రాలను పట్టుకెళ్లారు. దేశమంతా జాలిపడింది. 1965లో చట్టం మారి వాళ్లకు మినహాయింపు వచ్చింది. ఆ పథకంతో పనే లేని ఇళ్లలో పిల్లలకు ఆ నంబరు తీసుకోవాలన్న ఆలోచన మాత్రం ఎందుకొస్తుంది?

రెండోది బడి. ఎనిమిదో తరగతి తర్వాత పిల్లలను హైస్కూలుకు పంపనందుకు విస్కాన్సిన్‌లో ముగ్గురు తండ్రులకు తలా 5 డాలర్ల జరిమానా పడింది. కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లి, 1972 మే 15న తండ్రులు గెలిచారు. నాకు ఆ తీర్పులో రెండు చోట్లు కంఠతా వచ్చు. ఒకటి జస్టిస్ డగ్లస్ విడిగా రాసింది. పిల్లవాడికి పియానో వాయించాలనో, అంతరిక్షంలోకి వెళ్లాలనో ఉండొచ్చు, వాడినీ అడగాలి కదా అన్నారాయన. రెండోది ప్రధాన తీర్పులోనిది. ఒకవేళ ఎవరైనా సంఘం వదిలి వచ్చినా, పనిమంతులు, నమ్మకస్తులు కాబట్టి బయట వాళ్లకు పని దొరక్కపోదని కోర్టు భావించింది.

1972లో అది సబబైన ఊహే. రంపం మిల్లుకెళ్లి చేతులు చూపిస్తే పని ఇచ్చే రోజులవి. కానీ 1986లో వలస చట్టం మారింది. ఆనాటి నుంచి ఏ యజమానైనా, మనిషి పనిలో చేరిన మూడు పనిదినాల్లోగా గుర్తింపు పత్రాలు చూసి ఫారం నింపాల్సిందే. 2005లో రియల్ ఐడీ చట్టం వచ్చి, దానికి తగిన లైసెన్సు ఇవ్వాలంటే జనన రుజువు, సోషల్ సెక్యూరిటీ నంబరు అడగాలని రాష్ట్రాలకు చెప్పింది. కోర్టు ఏ నేల మీద నిలబడి ఆ మాట అందో ఆ నేల జరిగిపోయింది. మినహాయింపులు రాసిన పెద్దవాళ్లు సంఘాన్ని కాపాడారు. దాన్ని వదిలి వచ్చేవాడికి ఏం కావాలో ఎవరూ రాయలేదు.

ఇక్కడో చిక్కుముడి ఉంది. పన్నెండేళ్లు దాటినవాళ్లు మొదటిసారి సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగితే స్వయంగా హాజరై, వయసుకూ పౌరసత్వానికీ గుర్తింపుకూ రుజువులు చూపాలి, ఇదివరకు నంబరు తీసుకోలేదనీ నమ్మించాలి. ఫోటో ఐడీ తెమ్మంటారు. ఫోటో ఐడీ ఇచ్చే ఆఫీసుకెళ్తే నంబరు తెమ్మంటారు. చెక్కిన ప్రతిమ కూడదన్న ఆజ్ఞను బట్టి ఆ ఇళ్లలో ఫోటోలు దిగరు కాబట్టి పాత ఫోటో ఒక్కటీ ఉండదు. మా కుర్రాణ్ని ఒక ఆఫీసు రెండుసార్లు వెనక్కి పంపింది. రెండోసారి నేనూ పక్కనే ఉన్నాను. కౌంటర్లోని అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ఆమె కంప్యూటర్లో అలాంటి మనిషికి చోటు లేదు, అంతే.

ఈలోగా కడుపు ఆగదు. చాలా ఆమిష్ ఇళ్లలో ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా పిల్లల సంపాదన తల్లిదండ్రులకే వెళ్తుంది. పద్నాలుగో ఏట నుంచి కొయ్య పని చేసిన పిల్లాడు కూడా వట్టి చేతులతోనే బయటికొస్తాడు. కాగితం అడగకుండా రోజుకూలీ చేతిలో పెట్టే మేస్త్రీ ఒకడు దొరుకుతాడు. పడుకోవడానికి గ్యారేజీలో మంచం, ఫోన్ కూడా వాడి పేరు మీదే. కొందరు మేస్త్రీలు మంచివాళ్లే. కానీ వాడు మంచివాడు కాకపోతే వెళ్లడానికి చోటు లేదు, ఫిర్యాదు చేయడానికి పేరు లేదు. ఆడపిల్లల విషయంలో ఇదెంతదాకా పోతుందో విప్పి చెప్పక్కర్లేదు. అందుకే మొదటి నెలలో ఏం చేయాలని ఎవరు అడిగినా నాది ఒకటే జవాబు: కారు తర్వాత, చదువు తర్వాత, బట్టలు తర్వాత. ముందు అద్దె అడగని, మతం మార్చమనని, పని చేయించుకోని ఇల్లు ఒకటి చూడండి. మర్నాడే కాగితాల పని మొదలుపెట్టండి. పద్దెనిమిది నిండనివాళ్లైతే ఒక లాయరుతో మాట్లాడాకే ఇంట్లో పెట్టుకోండి. ఇంట్లోంచి పారిపోయిన మైనరుకు ఆశ్రయం ఇవ్వడం చాలాచోట్ల నేరమవుతుంది.

సాయం చేసేవాళ్ల వైపు నుంచీ నష్టం జరుగుతుంది. నేనూ చేశాను. మొదట్లో ఒక అమ్మాయి వచ్చేది. వాళ్ల గౌనుకు గుండీలుండవు, గుండుసూదులతో బిగిస్తారు. టీషర్టు వేసుకోవడం మొదలెట్టాక కూడా ఆ సూదులు నోటుపుస్తకం అట్టకు వరుసగా గుచ్చి ఉంచుకునేది. ఒకరోజు ఉత్సాహం పట్టలేక, "ఇక నీ ఇష్టం, నువ్వు ఏం కావాలంటే అది కావచ్చు" అన్నాను. తర్వాత రెండు వారాలు కనబడలేదు. తిరిగొచ్చాక చెప్పింది: "మా చెల్లి జుట్టు ఇప్పుడు ఎవరు దువ్వుతున్నారో అని ఆలోచిస్తూ పడుకుంటున్నానండీ."

అప్పటినుంచి మొదట అడిగే ప్రశ్న మార్చుకున్నాను. బాప్తిస్మం తీసుకున్నావా అని అడుగుతాను. ఆమిష్‌లు పెద్దయ్యాకే బాప్తిస్మం తీసుకుంటారు. తీసుకోకముందు వెళ్లిపోతే మనసు నొచ్చుకుంటారు కానీ వెలి వేయరు. తీసుకుని మాట తప్పితే మైడుంగ్, అంటే వెలి. కట్టుబాటు గట్టిగా ఉన్నచోట ఇంటికి వచ్చినా వేరే బల్ల మీద భోజనం, వెలి పడ్డవాళ్ల చేత్తో ఇచ్చింది ఇంట్లోవాళ్లు అందుకోరు. వెలి అన్న మాట బరువు మన పల్లెలకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. బాప్తిస్మం కాని పిల్లకు ఇంటి తలుపు ఇంకా ఓరగా తెరిచే ఉంటుంది. ఆ సంగతి తెలియని సాయం మనిషి "అలాంటివాళ్లకు ఉత్తరాలెందుకు" అని ఆ తలుపు తనే మూసేస్తాడు. ఇంట్లో కొట్టడమో, అంతకన్నా ఘోరమో జరిగి వచ్చిన పిల్లల సంగతి వేరు. అక్కడ ఉత్తరాలు కాదు, పోలీసులూ కౌన్సెలరూ కావాలి. ఏది ఏ కేసో తెలుసుకోకుండా సలహా ఇవ్వకూడదు.

చదువు సంగతికొస్తే, వాళ్ల బడి చెడ్డదని నేననను. ఒకే గది, అన్ని తరగతులూ అందులోనే, పాఠం చెప్పే అమ్మాయి చదివిందీ ఎనిమిదే. అయినా కూడికలు, భిన్నాలు, కొలతలు మా క్లాసులో అందరికన్నా వాళ్లకే బాగా వచ్చు. పైకప్పుకు ఎన్ని పలకలు పడతాయో నోటితో చెప్పేస్తారు. ఎక్స్ కనబడగానే ఆగిపోతారు. "అక్షరాన్ని ఎలా కూడతామండీ?" అని అడిగాడు మా కుర్రాడు. బండి చక్రం చుట్టుకొలతతో మొదలుపెట్టి చెబితే మూడో రోజుకి పట్టుబడింది. ఇరవై ఒక్కేళ్ల లోపువాళ్లను మామూలు హైస్కూల్లోనే చేర్చుకునే రాష్ట్రాలూ ఉన్నాయి. నిలువ నీడలేని పిల్లలను పాత రికార్డులు లేకపోయినా వెంటనే చేర్చుకోవాలని ఫెడరల్ చట్టం ఉంది. ఇది చాలా బడుల్లో ఫ్రంట్ ఆఫీసుకే తెలియదు, గట్టిగా అడగాలి.

పెద్ద గోడ కాలేజీ దగ్గర వస్తుంది. పెళ్లికాని విద్యార్థికి ఇరవై నాలుగేళ్లు నిండేదాకా ఫెడరల్ ఆర్థిక సాయం దరఖాస్తులో సాధారణంగా తల్లిదండ్రుల ఆదాయ వివరాలు, సంతకం కావాలి. చదువే వద్దన్న తండ్రి ఆ సంతకం ఎందుకు పెడతాడు? తల్లిదండ్రులతో తెగిపోయిన విద్యార్థిని స్వతంత్రుడిగా లెక్కించే అధికారం కాలేజీ ఆర్థిక సాయం అధికారికి ఉంది. పరిస్థితి తెలిసినవాళ్లు ఉత్తరం రాసివ్వాలి. అలాంటి ఉత్తరాలు నేను ఏడాదికి రెండు మూడు రాస్తున్నాను. టీచర్లు, పాస్టర్లు, పక్కింటివాళ్లు ఎవరైనా రాయొచ్చు.

డాక్టరు దగ్గరికీ త్వరగా తీసుకెళ్లాలి. 2014లో ఒహాయో ఆమిష్‌లలో మొదలైన తట్టు 383 మందికి సోకింది, చాలామందికి టీకాలు పడలేదు. కొన్ని జన్యు వ్యాధులు కూడా ఈ కుటుంబాల్లో ఎక్కువ. బంధువుల్లో ఎవరెవరికి ఏముందో ఇంట్లోవాళ్లకే తెలుసు. ఇక్కడా దారి మళ్లీ ఆ ఇంటికే పోతుంది.

మా కుర్రాడి ముడి అలాగే వీడింది. ఆలస్యంగా జననం నమోదు చేయించుకోవాలంటే పురుడు దగ్గరున్నవాళ్ల మాట రాతపూర్వకంగా కావాలన్నారు. అతనికి బాప్తిస్మం కాలేదు. నేను ఉత్తరం రాయమన్నాను. మూడు ముసాయిదాలు చింపేశాడు. నాలుగోది డైచ్ కలిసిన ఇంగ్లిష్‌లో, వాతావరణంతో మొదలుపెట్టి, ఆవుల గురించి అడిగి, చివర రెండు వాక్యాల్లో సంగతి రాసి పోస్టు చేశాడు.

ఐదు వారాలు జవాబు లేదు. ఆరో వారంలో కవరు వచ్చింది. వాళ్లు ప్రమాణం చేయరు, చేయకూడదని వాళ్ల నమ్మకం. ప్రమాణానికి బదులు "ధ్రువపరుస్తున్నాను" అంటే చాలునని చట్టం ఒప్పుకుంటుంది. వాళ్లమ్మ తనను ఎరిగిన ఒక నోటరీ దగ్గరికి పొరుగు ఇంగ్లిష్ ఆవిడ కారులో వెళ్లి, తన కొడుకు ఫలానా తేదీన తన ఇంట్లో తెల్లవారుజామున పుట్టాడని ధ్రువపరిచి సంతకం పెట్టింది. ఆ కాగితం వెనక ఇంకో కాగితం ఉంది. బైబిల్లోంచి చూసి ఎత్తిరాసిన తొమ్మిది మంది పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు. అతని పేరు నాలుగోది.

కుర్రాడు దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని, మడత పడకుండా ఎక్కడ పెట్టాలని అడిగాడు. బీరువాలోంచి నా ప్లాస్టిక్ ఫైలు తీసి, నా మెమోలు బల్లమీద పెట్టి, ఖాళీ ఫైలు అతనికిచ్చాను.