ఒడ్డున విందు.. చెరువున గండం
సింగూరు చేపకు గిరాకీ, పటాన్‌చెరు చేపపై అనుమానం

సంగారెడ్డి: సముద్రతీరానికి వందల కిలోమీటర్ల దూరాన ఉన్న జిల్లా ఇది. రేవు లేదు, ఓడల రాకపోకలు లేవు. అయినా ఆదివారం వచ్చిందంటే పిల్లాపాపలతో సింగూరు జలాశయం ఒడ్డుకు చేరి, నీటి గాలికి కూర్చుని వేడివేడి చేపల వేపుడు ఆరగించే కుటుంబాలకు కొదవ లేదు. మృగశిర కార్తె నాడు చేప తినని ఇల్లు పల్లెల్లో అరుదు. అదే జిల్లాలో తూర్పున ఉన్న పటాన్‌చెరు వైపు వెళితే పరిస్థితి తారుమారు. అక్కడ చేప కొనే ఇల్లాలు ధర కంటే ముందు ‘ఇది ఏ చెరువు చేప?’ అని ఆరా తీస్తుంది. ఒకే జిల్లాలో ఒకే ఆహారంపై ఇంతటి వ్యత్యాసం ఎందుకు ఏర్పడిందన్నది పరిశీలించదగిన అంశం.

నీటి నడకలోనే జవాబు

మంజీర నది పడమటి నుంచి జిల్లాలోకి ప్రవేశించి, సింగూరు వద్ద ఆగి, సంగారెడ్డి చెంతనున్న మంజీర బ్యారేజీ మీదుగా సాగి మెదక్ వైపు మళ్లుతుంది. సింగూరు పూర్తి సామర్థ్యం 29.917 టీఎంసీలు. హైదరాబాద్ దాహార్తిని తీర్చడం దీని నిర్మాణ లక్ష్యాలలో ముఖ్యమైనది. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల మురుగును దశాబ్దాల పాటు మోసిన ఇసుకవాగు, నక్కవాగు మాత్రం సంగారెడ్డి దాటిన తరువాతే మంజీరలో కలుస్తాయి. అంటే ఆ వ్యర్థాలు ఎగువనున్న సింగూరుకు చేరే మార్గం లేదు. సింగూరు చేపకు దక్కిన మంచిపేరుకు భౌగోళికంగా ఆధారం ఉన్నదన్నమాట. అయితే ఆ పేరును నమ్ముకుని పరీక్షలు మానుకోవచ్చని కాదు. ఎగువ పట్టణాల మురుగు ఏ జలాశయానికైనా ముప్పే.

సింగూరుకు ఉన్న అసలు బెడద నీటి కొరత. 2016 వేసవిలో జలాశయం అడుగంటింది. అదే ఏడాది సెప్టెంబరు వర్షాలకు గేట్లు ఎత్తవలసి వచ్చింది. 2019లో మళ్లీ నీరు లేక తాగునీటికే కటకట ఏర్పడింది. నీరు తిరిగి వచ్చినంత వేగంగా చేప తిరిగి రాదు. వదిలిన పిల్ల కూరకు పనికివచ్చే పరిమాణానికి ఎదగడానికి ఇంచుమించు ఏడాది పడుతుంది. ఆ వ్యవధిలో గంగపుత్రులు, ముదిరాజుల వలలు ఖాళీగానే తేలుతాయి. ఒడ్డున పొయ్యి వెలిగించుకుని బతికే చిరువ్యాపారి గిరాకీ కూడా అదే నీటిమట్టంతో పెరిగి తరుగుతుంది.

చెరువులు చెప్పే చేదు నిజం

పటాన్‌చెరు కథ వేరు. వెనుకబడిన మెదక్ జిల్లాకు ఉపాధి తెస్తాయని 1970, 80 దశకాల్లో స్వాగతించిన రసాయన, ఔషధ పరిశ్రమల వ్యర్థాలు పొలాలను, చెరువులను ముంచెత్తాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం ఏర్పాటైంది. అంతటితో సమస్య తీరిందనుకున్నవారికి 2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించిన ఫలితాలు కనువిప్పు కలిగించాయి. శుద్ధి చేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉన్నట్లు తేలింది. 2009లో ప్రచురితమైన మరో అధ్యయనం ఈ ప్రాంతపు చెరువు నీటిలోనూ అదే మందు జాడలను పట్టుకుంది.

తరువాత కూడా హెచ్చరికలు ఆగలేదు. 2017 అక్టోబరులో బొల్లారం, కాజిపల్లి పారిశ్రామికవాడలకు దిగువనున్న గండిగూడెం చెరువులో చేపలు పెద్దఎత్తున చచ్చి తేలాయి. అంతకు ఏడాది ముందు, 2016లో, ఆ చుట్టుపక్కలే ఉన్న అమీన్‌పూర్ చెరువు జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందింది. ఒక చెరువుకు కిరీటం, పక్క చెరువుకు పాడె అన్నట్లయింది.

చేపలు మూకుమ్మడిగా చావడానికి విషమే కానక్కరలేదు. సేంద్రియ వ్యర్థాలు కుళ్లేటప్పుడు నీటిలో కరిగిన ప్రాణవాయువు హరించుకుపోతుంది. అప్పుడు చేప ఊపిరాడక చస్తుంది. కారణం ఏదైనా నష్టం మత్స్యకారునిదే. చెరువును నమ్ముకుని పిల్లలను వదిలిన సహకార సంఘం ఒక్క రాత్రిలో ఏడాది శ్రమను కోల్పోతుంది. చచ్చిన చేప నష్టం లెక్కకు అందుతుంది. బతికిన చేపను కూడా ఎవరూ కొనకపోవడం వల్ల కలిగే నష్టం ఏ లెక్కలోనూ చేరదు.

పళ్లెం దాకా వచ్చేదెలా?

పటాన్‌చెరు కార్మికవాడల్లో బీహార్, ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చినవారు వేలల్లో ఉన్నారు. చేప వారికి నిత్యాహారం. ముంబయి జాతీయ రహదారి వెంట కుటుంబాల కోసం వెలసిన హోటళ్లలోనూ చేపల పులుసు, రొయ్యల వేపుడు తప్పనిసరి వంటకాలయ్యాయి. ఈ గిరాకీకి స్థానిక చెరువులు చాలవు. కోస్తా జిల్లాల చెరువుల నుంచి బొచ్చె, రవ్వ చేపలు ఐసు పెట్టెల్లో దిగుతాయి. దూరప్రయాణం మరో అనుమానానికి తావిచ్చింది. 2018లో ఫార్మలిన్ కలుపుతున్నారన్న ఆరోపణలపై కొన్ని ఈశాన్య రాష్ట్రాలు బయటి చేపల రాకను కొంతకాలం నిలిపివేశాయి. చేప నిల్వకు ఫార్మలిన్ వాడకాన్ని ఆహార భద్రతా నిబంధనలు అనుమతించవు.

వినియోగదారుడు కొంతవరకు జాగ్రత్తపడగలడు. మొప్పలు ఎర్రగా, కన్ను ఉబ్బెత్తుగా, కాంతిగా ఉండాలి. వేలితో నొక్కితే కండ తిరిగి పైకి రావాలి. అయితే ఇవి తాజాదనానికి గుర్తులే. కండలో చేరిన భారలోహాలను కన్ను పట్టదు, నూనెలో ఎంత వేయించినా అవి పోవు. ఆ పని ప్రయోగశాలది, దాన్ని చేయించవలసిన బాధ్యత ప్రభుత్వానిది.

చేయవలసినదేమిటి?

2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకం చేపట్టింది. కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించింది. పిల్లలను వదలడానికి ముందే చెరువు నీటిని పరీక్షించి, ఫలితాన్ని పంచాయతీ గోడమీద రాసి ఉంచితే అనుమానాలకు తావుండదు. మత్స్యశాఖ, కాలుష్య నియంత్రణ మండలి, ఆహార భద్రతా అధికారులు ఎవరికి వారే అన్నట్లు కాక ఉమ్మడిగా ఏటా చేపల నమూనాలు సేకరించాలి. హోటళ్లు తమ చేప ఎక్కడిదో ధరల పట్టికలోనే తెలపాలి. సింగూరు చేపను నిజాయతీగా అమ్మేవానికి ఇది మేలు చేస్తుంది. ఆ పేరు చెప్పి మరొకటి అంటగట్టేవానికే ఇబ్బంది.

పిల్లవాడి పళ్లెంలో ముల్లు ఏరి పెట్టడం తల్లికి తెలుసు. నీటిలో కలిసిన విషాన్ని ఏరడం ఆమె చేతిలో లేదు. ఆ పని అధికారుల చేతిలో ఉంది. రానున్న మృగశిర నాటికైనా ‘ఏ చెరువు చేప?’ అన్న ప్రశ్నకు పటాన్‌చెరు మత్స్యకారుడు తల ఎత్తుకుని జవాబు చెప్పగలగాలి.